టాపెట్ సౌండేలే!

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు 'హాస్టల్ జీవితం - మధుర స్మృతులు' అని మొదలుపెట్టాము. అర పేజీ అయ్యాక పాత సంచికలన్నిటిలో అదే ఉందని గుర్తొచ్చింది. సాంబారులో పప్పు వెతుక్కోవడం, కాస్మెటిక్ చార్జీల కోసం ఎదురుచూడటం, ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని టెన్త్ చదవడం... ఇవి మీకు మేము చెప్పాల్సినవి కావు. అందుకని ఒక కారు ఇంజను గురించి రాస్తున్నాము. చిన్న తమ్ముళ్లకు విసుగనిపిస్తే మన్నించాలి.

మేము అంటే ముగ్గురం. ఆరో తరగతి నుంచి టెన్త్ దాకా ఈ ఆత్మకూరు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాము. ఒకడు ఐటిఐలో డీజిల్ మెకానిక్ చేసి నంద్యాలలో ట్రాక్టర్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. ఒకడు డిగ్రీ మధ్యలో వదిలేసి సెల్ రిపేరు అంగడి పెట్టుకున్నాడు. మూడోవాడు కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్. వాళ్లింట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి వాడే. ఈ రాత వాని చేతిదే. కానీ పని ముగ్గురమూ చేశాము, తప్పూ ముగ్గురమూ చేశాము. 'నేను' అని రాయడానికి చెయ్యి రాలేదు.

పానా పట్టుకోవడం మాకు నేర్పింది కూడా ఈ హాస్టలే. వెనకాల ఉన్న బోరింగు నెలకోసారి మొరాయించేది. కామాటి అన్న పైపులు పైకి లాగుతుంటే మేము పట్టుకునేవాళ్లం. తోలు వాషరు మార్చి మళ్లీ దించి కొట్టగానే నీళ్లొస్తే ఆ రోజు మాకు ఒక గుడ్డు ఎక్కువ. అప్పటి నుంచీ మాకు ఏ యంత్రమైనా విప్పొచ్చు అనే ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే తర్వాత మా కొంప ముంచింది!

మా నాన్న దగ్గర ఒక అంబాసిడర్ ఉంది. మార్క్ 4, పెట్రోలు బండి, తెలుపు. ఆయన ఒక ఆసామి దగ్గర పదహైదేళ్లు డ్రైవరుగా చేశాడు. చివర్లో బాకీపడ్డ జీతానికి బదులు ఆసామి ఈ బండి రాసిచ్చాడు. లాభమా నష్టమా అని ఇంట్లో ఇప్పటికీ వాదన ఉంది. అంబాసిడర్ సంగతి మీకు తెలిసిందే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తెచ్చుకుని కలకత్తా దగ్గర ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర్లో మొదలుపెట్టారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. మా బండిలో ఉన్నది 1489 సీసీ ఇంజను. అదే రకం ఇంజనును ఒకప్పుడు బ్రిటన్‌లో ఎంజీఏ అనే రెండు సీట్ల షోకు కారులో కూడా పెట్టారు. అక్కడ దాన్ని క్లాసిక్ అంటారు, సెలవు రోజుల్లో సరదాకు విప్పి బిగించుకుంటారు. మా ఇంట్లో అది బియ్యం.

ఎట్లంటే, ఇప్పుడు పెళ్లిళ్లకు పాత కారే కావాలంటున్నారు. పూలు కట్టి ఫొటోలు తీసుకుంటారు. పెళ్లిళ్లు లేనప్పుడు శ్రీశైలం బాడుగలు. ఉగాదికి కన్నడ భక్తులు మన ఆత్మకూరు మీదుగానే వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు దారిలో అడవిలో నడిచి శ్రీశైలం పోతారు కదా. కాళ్లు బొబ్బలెక్కి నడవలేనివాళ్లు, వయసైనవాళ్లు దోర్నాల రోడ్డు మీద బండ్లలో పోతారు. ఆ వారం రోజుల సంపాదన మా ఇంట్లో నాలుగు నెలలకు వస్తుంది. మా ఫీజులు కట్టింది చాలావరకు ఆ ఉగాది బాడుగలే.

నాన్నకు కంటిచూపు తగ్గాక బండి తమ్ముని చేతికొచ్చింది. వాడు ఇంటర్ తప్పాడు. ఇంట్లో ఒకరు చదివితే చాలులే అనుకున్నాడో, ఏమో, మళ్లీ కట్టలేదు. ఆ సంగతి మేము ఎప్పుడూ అడగలేదు.

పోయిన సంక్రాంతికి ముగ్గురమూ ఊళ్లో కలిశాము. బండి కింద నేల మీద ఆయిలు మరక. ఆయిల్ ఛాంబర్ ప్యాకింగు దగ్గర కారుతోంది. మేస్త్రి దగ్గరికి ఏంటికి, మేమున్నాము కదా అన్నాము. ఛాంబర్ దించాము. పాత ప్యాకింగు ముక్కలైపోయింది. కొత్తది కొందామంటే పండగ, అంగళ్లు మూసినారు. సిలికాన్ గమ్ము ట్యూబు ఒకటి దొరికింది. 'ఇప్పుడు కంపెనీ బండ్లకే ప్యాకింగులు వేయడం లేదు, గమ్మే పూస్తున్నారు' అని మాలో ఐటిఐ వాడు అన్నాడు. అది నిజమే. అయితే వాళ్లు సన్న గీత గీసినట్టు పూస్తారు. మేము దోసె మీద కారం పూసినట్టు పూశాము. బోల్టులు బిగిస్తుంటే బయటికి లావుగా ఉబ్బింది. దాన్ని వేలితో తుడిచి, ఎంత గట్టిగా పట్టిందో చూడు అని మురిసిపోయాము. బయటికి ఎంత ఉబ్బిందో లోపలికీ అంతే ఉబ్బి ఉంటుందని ముగ్గురిలో ఒక్కనికీ తట్టలేదు.

కారడం ఆగింది. నాన్న ఊరంతా చెప్పుకున్నాడు, 'మా పిల్లోల్లే చేసినారు' అని.

శివరాత్రి బాడుగల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బండిలో ఏదో సౌండు వస్తాంది" అన్నాడు. ఎట్లాంటి సౌండు అంటే, "టక్ టక్ అని" అన్నాడు. మేము అప్పుడు యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో ప్లేటు పట్టుకుని లైన్లో ఉన్నాము. "టాపెట్ సౌండేలే, పాత బండి కదా, ఏం కాదు" అన్నాము. అంతే. అర నిమిషం.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, డ్రైవింగు నేర్చుకునే తమ్ముళ్లకు పనికొస్తుంది. టాపెట్ సౌండు పలచగా, కుట్టుమిషను మాదిరి పైనుంచి వస్తుంది. బిగ్ ఎండ్ బేరింగు పోతే కిందినుంచి బరువుగా, ఎవరో లోపల సుత్తి పెట్టి కొట్టినట్టు 'డబ్ డబ్' మంటుంది. గడ్డ ఎక్కేటప్పుడు ఎక్కువవుతుంది. అనుమానముంటే ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూడాలి. ఏ వైరు తీస్తే సౌండు తగ్గుతుందో ఆ సిలిండరు కిందనే రోగం. ఇది ఫోనులో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. సౌండు పైనా కిందా, సన్నమా లావా అని అడిగి ఉంటే సరిపోయేది. మేము అడగలేదు. వాడు ఇంటర్ తప్పినవాడు, మేము ఫిజిక్స్!

ఉగాదికి రెండు రోజుల ముందు శ్రీశైలం నుంచి తిరిగొస్తుంటే బైర్లూటి ఇవతల ఇంజను పట్టేసింది. లోపల ఐదుగురు యాత్రికులు. పొద్దు గూకుతోంది, చుట్టూ నల్లమల అడవి. తమ్ముడు వాళ్లను ఆర్టీసీ బస్సు ఎక్కించి, తీసుకున్న బాడుగ తిరిగిచ్చి, బస్సు చార్జీలు కూడా తానే పెట్టుకుని, బండి దగ్గరే కూర్చున్నాడు. మరుసటి పొద్దున ట్రాక్టరుకు మోకు కట్టి లాక్కొచ్చారు. వారం రోజుల బాడుగలన్నీ పోయాయి.

నాన్న ఒకటే మాట అన్నాడు: "నీళ్లు సూసుకోకుండా తోల్తివి." తమ్ముడు నీళ్లు చూశాను, ఆయిలూ చూశాను అన్నాడు. నాన్న నమ్మలేదు. ఆ తర్వాత రెండు నెలలు వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో అమ్మ ద్వారా మాట్లాడుకునేవాళ్లు. తమ్ముడు సిమెంటు లారీకి క్లీనరుగా పోయాడు. పాత ఇనుము కొనేవాడు వచ్చి వేపచెట్టు కింద ఉన్న బండిని చుట్టూ తిరిగి చూసి ముప్పై వేలన్నాడు. నాన్న సరే అనబోతుంటే అమ్మ, "పిల్లోల్లు పరీక్షలయినంక వస్తారు, ఒకసారి సూడనీ" అన్నది.

మే నెలలో ముగ్గురమూ వచ్చాము. ఈసారి మేస్త్రి తాతను కూర్చోబెట్టుకున్నాము. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. చేతులు వణుకుతాయి, పానా పట్టలేడు, కుర్చీ వేసుకుని చెట్టు కింద కూర్చుని చెప్తాడు. ఆయన మొదటి మాట: "ఇప్పేది ఎవరైనా ఇప్పుతారు. ఇప్పేటప్పుడు సూడండి. సచ్చినోడు ఎట్ల సచ్చినాడో శవమే చెప్తాది."

ముందు బంపరు సందులోంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే కదల్లేదు. నాలుగు ప్లగ్గులు తీసి సిలిండర్లలో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి మూడు రోజులు నానబెట్టాము. నాలుగో రోజు టాప్ గేరులో పెట్టి ముందుకూ వెనక్కూ ఊపితే బెత్తెడు కదిలింది. అప్పుడు హెడ్డు విప్పాము.

నాన్న దూరంగా మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. అందరి అనుమానమూ నీళ్లే. నీళ్లు అయిపోయి కాగిపోతే హెడ్డు ప్యాకింగు కాలిపోవాలి, హెడ్డు వంకరపోవాలి, ఆయిల్లో నీళ్లు కలిసి పాల మాదిరి కావాలి. హెడ్డు మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశాము. వంకర లేదు. ప్యాకింగు ఎక్కడా తెగలేదు. ఆయిలు నల్లగా ఉంది గానీ పాలు కాలేదు. మూడో సిలిండరు గోడ మాత్రం నిలువుగా గీతలు పడి, గోరు ఆనిస్తే తగులుతోంది.

"నీళ్లు కాదు" అన్నాడు తాత. నాన్న ఏమీ అనలేదు.

మరి ఆయిలు లేదా? డిప్ స్టిక్ తీస్తే నిండుగా ఉంది. ఛాంబర్లో నాలుగు లీటర్లు ఉండి కూడా ఇంజను ఆయిలు లేక చచ్చిపోయింది. నడిబావిలో మునిగినవాడు దాహంతో చచ్చినట్టు. మాకు అంతు చిక్కలేదు.

ఛాంబర్ దించాము. మా గమ్ము ఎంత గట్టిగా పట్టిందంటే, ఉలి పెట్టి కొట్టాల్సొచ్చింది. అడుగున ఆయిల్లో బేరింగు లోహం పొడి తళతళ మెరుస్తోంది. బిగ్ ఎండ్ క్యాపులు విప్పితే రెండో దాంట్లో, మూడో దాంట్లో బేరింగు చిప్పలు ఆకు మాదిరి పలచనై, చోటు మారి తిరిగిపోయి ఉన్నాయి. క్రాంకు అక్కడ నీలం రంగు తిరిగింది. అంటే బాగా కాగినట్టే.

క్రాంకు నిజానికి బేరింగును తాకకుండా తిరుగుతుంది. రెంటి మధ్యా వెంట్రుక కంటే పలచని ఆయిలు పొర ఉంటుంది, తిరిగే వేగానికి ఆ పొరే క్రాంకును పైకెత్తి పట్టుకుంటుంది. దాని లెక్కలు మేము ఎం.ఎస్సీ.లో చేశాము, మార్కులు కూడా వచ్చాయి. పంపు తోసిన ఆయిలు ముందు మెయిన్ బేరింగులకు, అక్కడినుంచి క్రాంకులో తొలిచిన రంధ్రాల గుండా చివరకు బిగ్ ఎండ్లకు చేరుతుంది. బిగ్ ఎండ్ల దగ్గర చిమ్మే ఆయిలే సిలిండరు గోడలను తడుపుతుంది. కాలవలో నీళ్లు తక్కువైతే ఆఖరి పొలం ముందు ఎండినట్టు, ఆయిలు తగ్గితే ముందు పోయేది బిగ్ ఎండ్లే. అంతా సరిగ్గా అట్లే జరిగింది. ఎందుకు తగ్గింది అన్నదే మిగిలింది.

పంపు విప్పాము. పళ్లు బాగున్నాయి. అప్పుడు మాలో సెల్ అంగడివాడు పంపు కింద ఉండే స్ట్రైనరు, అదే ఆయిలు పీల్చుకునే జాలీ, దాన్ని తిప్పి చూసి పలకకుండా మా వైపు చాచాడు. జాలీ నిండా సన్నని సేమియా పోగుల మాదిరి, బూడిదరంగు, మెత్తగా, రబ్బరు.

మా గమ్ము.

లోపలికి ఉబ్బిన గమ్ము గట్టిపడి, పోగులుగా తెగి, ఆయిల్లో ఈదుకుంటూ పోయి జాలీకి అతుక్కుంది. మెల్లగా పోతే చాలినంత ఆయిలు వచ్చేది. ఘాటు ఎక్కుతూ ఇంజను గట్టిగా తిరిగినప్పుడు అది చాలలేదు. తమ్ముడు నీళ్లు చూసిన మాట నిజం. ఆయిలు చూసిన మాటా నిజం. ఆయిల్ లైటు బల్బు కాలిపోయి ఎన్నేళ్లయిందో నాన్నకే తెలియదు కాబట్టి వానికి తెలిసే దారే లేదు. తెలిసిన ఒక్క దారీ ఆ సౌండు. దాన్ని మాకు ఫోన్ చేసి చెప్పాడు కూడా.

ముగ్గురమూ కాసేపు నేల చూశాము. నాన్న మంచం మీదే ఉన్నాడు, ఇంత దూరం నుంచి కనపడదు. నిజం చెప్పాలంటే ఆ జాలీని గబుక్కున డీజిల్లో ముంచి కడిగేయాలని అనిపించింది. ఒక నిమిషం పని. పంపు అరిగిపోయింది అంటే సరిపోయేది. పంపు నాన్నకేం తెలుసు! మేస్త్రి తాత మాత్రం మా ముఖాలు చూస్తూ బీడీ ముట్టించుకున్నాడు. ఒక్క మాటా అనలేదు.

జాలీ తీసుకుపోయి నాన్న చేతిలో పెట్టాము. "ఇది మేము సంక్రాంతికి పూసిన గమ్ము నాన్నా. దీనివల్లే పోయింది. తమ్ముడు ఏం చేయలేదు. వాడు ముందే ఫోన్ చేసినాడు, మేమే పట్టించుకోలేదు." ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక పోగు లాగాడు. సాగింది. చాలాసేపటికి, "ఆ ట్యూబు కొనకచ్చింది నేనే కదరా" అన్నాడు. అంతకుమించి మమ్మల్ని ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి తమ్ముడు లారీ దిగి వచ్చాడు. నాన్న గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. వాడు పక్కనుంచి లోపలికి పోబోతుంటే, "తింటివా?" అన్నాడు. రెండు నెలల్లో మొదటి మాట. వాడు ఆగి, "లేదు" అన్నాడు. ఇద్దరూ కలిసి తిన్నారు. వానికి మేము విడిగా చెప్పుకున్నాము. వాడు వింటూ వింటూ, "టాపెట్ సౌండేలే, ఏం కాదు" అని మమ్మల్నే అనుకరించి దుప్పటి కప్పుకున్నాడు. మర్నాటి నుంచి లారీకి పోలేదు. మాతో పాటు పానా పట్టాడు.

డబ్బులు అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసింది. ఐటిఐ వాడు రెండు నెలల జీతం పెట్టాడు. అది ఇంకా తీర్చలేదు, ఈ సంచిక చదివితే గుర్తు చేయకుండా ఉండమని మనవి! బ్లాకు, క్రాంకు ఆటోలో వేసుకుని కర్నూలు లేత్ షాపుకు పోయాము. పిస్టన్ల నెత్తిన '020' అని ముద్ర ఉంది, అంటే ఇంతకుముందే ఒకసారి బోర్ కొట్టించారు. ఈసారి నలభై సైజుకు పోవాలి. అంగుళంలో వెయ్యింట నలభై వంతులు, అంటే మిల్లీమీటరంత. క్రాంకు ఇరవై సైజు తగ్గించి గ్రైండింగు చేశారు, దానికి తగిన బేరింగులు కొన్నాము. కంపెనీ మూతబడినా సామాన్లు దొరుకుతూనే ఉన్నాయి. పిస్టన్ సెట్టు కర్నూల్లో లేకపోతే సికింద్రాబాదు రాణిగంజ్ నుంచి తెప్పించారు.

కడగడానికే రెండు రోజులు పట్టింది. తాత వదల్లేదు. బ్లాకులో ఆయిలు పోయే దారులన్నిటిలో తీగకు గుడ్డ కట్టి దూర్చి, డీజిలుతో కడిగి, టైర్ల అంగడిలో గాలి పట్టించాము. తెల్లగుడ్డ తుడిస్తే తెల్లగా రావాలన్నాడు. హాస్టల్లో పళ్లేలు అంత శుభ్రంగా ఎప్పుడూ కడగలేదు.

రింగులను ఒక్కొక్కటే సిలిండర్లోకి తోసి సందులో ఫీలర్ గేజ్ పెట్టి చూశాము. ఎనిమిది నుంచి పన్నెండు థౌ ఉండాలి. ఒక రింగు ఐదే ఉంది. కాగినప్పుడు సాగి రెండు కొనలూ పోట్లాడుకుంటాయి, పట్టేస్తుంది. సన్న ఆకురాయితో తమ్ముడే రుద్దాడు, రుద్దుతూ చూస్తూ గంటసేపు. మాకు అంత ఓపిక లేదు. ఎనిమిది వాల్వులకు పేస్టు పెట్టి అరిచేతుల మధ్య పుల్ల తిప్పినట్టు తిప్పి కూర్చోబెట్టాము. హెడ్డు బోల్టులు నడిమి నుంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతలుగా బిగించాము. టాపెట్లు పదహైదు థౌ. దానికి తాత ఒక లెక్క చెప్పాడు, తొమ్మిది లెక్క. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సరిచేయాలి, మూడోది తెరుచుకుంటే ఆరోది. ఎప్పుడూ కలిపితే తొమ్మిది. ఎందుకో కాగితం మీద వేసి చూసుకున్నాము, నిజమే! ఆయన బడికి పోయింది మూడో తరగతి వరకు.

ఛాంబర్ మాత్రం తమ్ముడు మమ్మల్ని ముట్టనీయలేదు. కొత్త కార్కు ప్యాకింగు, దానికి కొంచెం గ్రీజు, అంతే.

ప్లగ్గులు పెట్టకుండానే చాలాసేపు తిప్పి, అడిగి తెచ్చుకున్న గేజిలో ఆయిలు ప్రెషరు కనిపించాకే ప్లగ్గులు పెట్టాము. స్టార్టు చేస్తే ఇంజను పట్టుకోలేదు సరికదా, కార్బొరేటరు లోంచి టపాకాయ పేలినట్టు పేలి మంట వచ్చింది. అమ్మ చెంబెడు నీళ్లతో పరిగెత్తుకొచ్చింది. నాన్న తల పట్టుకున్నాడు. ఒకటో పిస్టను, నాలుగో పిస్టను ఒకేసారి పైకొస్తాయి కదా, ఒకటోది కంప్రెషన్‌లో ఉందనుకుని మేము డిస్ట్రిబ్యూటరు పెట్టాము. నిజానికి అప్పుడు కంప్రెషన్‌లో ఉన్నది నాలుగోది. తాత చూడకుండానే, "సగం తిప్పి పెట్టుపో" అన్నాడు. తిప్పి పెట్టాము. 1-3-4-2, వైర్లు మళ్లీ లెక్కపెట్టుకున్నాము. ఈసారి రెండు తిప్పులకు పట్టుకుంది. గేజి ముల్లు నలభై దాటి నిలబడింది. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు, అందరమూ చెవులు పెట్టి వింటున్నాము. పైనుంచి సన్నగా కుట్టుమిషను శబ్దం. ఇదీ అసలైన టాపెట్ సౌండు.

నాన్న వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, "మెల్లగా తోలు, రింగులు కుదురుకోవాల" అన్నాడు తమ్మునితో. బండి తాళాలు వాని చేతికే ఇచ్చాడు.

మర్నాడు ట్రయలు. తమ్ముడు, పక్కన నాన్న, వెనక సీటులో మేము ముగ్గురం. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది, ఇంజను పట్టుకోగానే ఆరిపోయింది. కొత్త బల్బు, ముప్పై రూపాయలు. నాన్న అది ఏం లైటని అడిగితే తమ్ముడు చెప్పాడు. దోర్నాల రోడ్డులో నలభై దాటకుండా బైర్లూటి దాకా పోయి, వాడు పట్టేసిన చోటే బండి పక్కకు ఆపాడు. ఇంజను ఆపి, దిగి, బానెట్ ఎత్తి, డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, వెనక కిటికీ లోంచి మా ముఖం ముందు పెట్టాడు.

"ఫిజిక్సన్నా, సూడు. సరిగ్గా సూసి చెప్పు."